మొండి క్రియల జగద్ధాత్రి

చందన్‌నగర్
రథయాత్ర రోజు

కల్యాణీయాసు పుంటీ,

ఇవాళ మా పేట నీల్‌కుఠి పాడలో జగద్ధాత్రి పూజకి రాట పాతారు. రాట పట్టుకున్న చేతుల మట్టి కడుక్కోకుండానే నీకు రాస్తున్నాను. కాగితం మీద మరకలు చూసి మురికి మనిషినని తిట్టుకోకు.

ఈ ఏడాది పూజకి బల్బులతో ఏ బొమ్మలు కట్టాలన్నది పెద్ద తగువైంది. తిమింగలం అయిపోయింది, వంతెన అయిపోయింది, రాకెట్‌ని పక్క పాడవాళ్ళు ఎగరేసుకుపోయారు. అందరూ బుర్రలు గోక్కుంటుంటే నేను లేచి "మొండి క్రియలు" అన్నాను. కార్యదర్శి హరాధన్‌బాబు కాసేపు ఆలోచించి, "మాస్టారూ, అవి కరుస్తాయా?" అని అడిగాడు.

కరవవని నచ్చజెప్పాను. పని చెప్పే మాటల్లో చాలావరకు బుద్ధిమంతులే. నిన్నకీ రేపటికీ ఒకే ముఖంతో వస్తాయి, తోక మాత్రం మార్చుకుంటాయి. కొన్ని ఉన్నాయి, మాట వినవు. మనం 'జాయి' అంటూ బయల్దేరతాం, నిన్నటి సంగతైతే 'గేలాం' అంటాం. ఆ జాయి ఏమైంది, ఈ గేలాం ఎవరింటి బిడ్డ అని బెంగాల్లో ఎవడైనా అడిగాడా? ఇంగ్లీషువాడు 'గో' అని గడప దాటి 'వెంట్' అని తేలతాడు. ఫ్రెంచివాడు నేను వెళ్తానంటే 'వే', మనం వెళ్తామంటే 'అలోఁ', రేపు వెళ్తానంటే 'ఇరే'. మూడు మాటలకీ ముక్కూ చెవీ కలవవు. విచిత్రం ఏమిటంటే ఏ దేశంలో చూసినా మొండికేసేవి దాదాపు అవే. ఉండటం, వెళ్ళడం, రావడం, తినడం. ఎప్పుడో గాని పలకనివన్నీ చక్కగా ఉంటాయి. పెట్టెలో దాచిన చెప్పులు వంకరపోవు కదా, రోజూ తొడిగేవే అరుగుతాయి.

నా జీవితమంతా వీటిని ఏరుకుంటూ గడిచిందని నీకు తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణి కూడా చివరిదాకా వినలేదు. మీ వదిన లాటిన్ దగ్గర ఆవులిస్తుంది, పోర్చుగీసు దగ్గర గురక పెడుతుంది. బడిలో పిల్లలు నా నోరు చూడటం మానేసి గంట కొట్టేవాడి చెయ్యి చూసేవాళ్ళు. పోయేలోగా ఎవరైనా ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా వింటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. దీపాలైతే జనం నిలబడి చూస్తారు. ఇదీ పోతే మళ్ళీ అమ్మవారి భోగానికి ఖిచుడి వండే గరిటె నా చేతికే వస్తుందని హరాధన్‌బాబు ముందే చెప్పేశాడు.

అసలు సంగతి. మీ ఆయన శిబపద బావ అక్కడి కుమోర్ గలి పూజా సంఘానికి అధ్యక్షుడు. కలకత్తా పత్రికవాళ్ళు మన రెండు ఊళ్ళ దీపాలకీ కలిపి ఇచ్చే షీల్డు మీద ఆయన కన్ను ఎప్పటినుంచో ఉంది. ఈ విషయం ఆయన చెవిన పడకూడదు. నోరు కుట్టేసుకో.

మీ దాదా
అఖిలబంధు


కృష్ణనగర్
శ్రావణం, వాన ఆగిన పూట

శ్రీచరణేషు దాదా,

నోరు కుట్టేసుకున్నాను. అంత దాచాల్సిన రహస్యం నాకెందుకు రాశావో మాత్రం అర్థం కాలేదు. మన ఇద్దరిదీ ఒకే వంశం నోరు, అందులో నువ్వుగింజ నానదు.

నీకోసం ఒకటి సంపాదించాను. మా పక్కింట్లో ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే గార్డుగారి భార్య ఉంది. అప్పలనరసమ్మ, తెలుగావిడ. మీ భాషలో మొండివేమున్నాయని గోడమీంచి అడిగాను.

"పిలిచినప్పుడు 'రా' అంటాం. వచ్చాక 'వచ్చాడు' అంటాం," అంది.

"అదేంటండీ, పిలిచినవాడొకడూ వచ్చినవాడొకడూనా?"

"మా ఇంట్లో అంతేనమ్మా. నేను పిలిచేది ఒకర్ని, గుమ్మంలోకి వచ్చేది ఇంకొకరు. జీతాల రోజున మరీను."

నవ్వలేక చచ్చాను. దాదా, ఒక మాట. చిన్నప్పుడు మేడమీద జామకొమ్మ వాలే చోట కూర్చోబెట్టి నువ్వు నాకొక భాష నేర్పేవాడివి, గుర్తుందా? తప్పు చెబితే జామకాయ ఇచ్చేవాడివి కాదు. కడుపు మాడ్చి నేర్పిన చదువు ఊరికే పోదంటారు.

రష్యావాళ్ళు ఎలా వెళ్తారో కాస్త వివరంగా రాయి.

నీ చెల్లెలు
నిభా


చందన్‌నగర్
శ్రావణం చివర

కల్యాణీయాసు పుంటీ,

ఇన్నేళ్ళకి ఒక మనిషి నన్ను "వివరంగా రాయి" అంది. నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. "దానికి జ్వరంగానీ తగిలిందా?" అంది.

రష్యావాడు వెళ్తుంటే 'ఇద్యోత్', వెళ్ళాడంటే 'షోల్'. స్పెయిన్‌వాడిది ఇంకా ఘనం. వాడు 'ఫుయి' అన్నాడంటే, ఒకప్పుడు ఫలానావాడిగా ఉన్నాననీ అనుకోవచ్చు, వెళ్ళాననీ అనుకోవచ్చు. ఉండటానికీ వెళ్ళడానికీ నిన్నటి మాట ఒక్కటే. నేను రిటైరైన రోజున నాకు అదే అనిపించింది, కాకపోతే స్పానిష్‌లో అనిపించలేదు. ఐర్లండువాళ్ళకి మొండివి గుప్పెడే. జపానువాళ్ళకి రెండే అంటారు. టర్కీవాళ్ళకి దాదాపు లేనట్టే, పాపం ఆ ఇళ్ళల్లో ఏం తోస్తుందో. మీ అప్పలనరసమ్మగారికి అరబ్బులతో చుట్టరికం తేలింది. వాళ్ళూ పిలిచేటప్పుడు 'తఆల్' అంటారు, వచ్చాక 'జాఅ' అంటారు. ఆవిడకి నా నమస్కారం చెప్పు.

దీపాల గదాయితో రోజూ యుద్ధమే. వాడు బల్బుల్ని వెదురు చట్రాల మీద గుచ్చి, వెనక రోలరు తిప్పి, ఏనుగుని కూడా నడిపిస్తాడు. క్రియ దగ్గర ఇరుక్కుపోయాడు.

"మాస్టారూ, వెళ్ళేవాణ్ణి చూపిస్తా. వెళ్ళిపోయినవాణ్ణి ఎట్లా చూపించేది?"

"అదే కదా గదాయీ నీ పనితనం."

"ఆర్పేస్తే?"

"ఆర్పేస్తే కరెంటు పోయిందనుకుంటారు."

"పోయినట్టే కదా మరి. మీరడిగిందీ అదే."

హరాధన్‌బాబేమో ఐర్లండు పక్కన ఒక చిన్న రైలు ప్రమాదం పెడితే పిల్లలు చూస్తారంటున్నాడు. తల పట్టుకుని కూర్చున్నాను.

మేడమీద భాష అన్నావు, నాకేమీ గుర్తు రాలేదు. ఫ్రెంచే అయ్యుంటుంది.

మీ దాదా


కృష్ణనగర్
భాద్రపదం

శ్రీచరణేషు దాదా,

అందరం క్షేమం. అరబ్బులు అందారు.

నీ ఉత్తరాలు ఈమధ్య ఆయనే పోస్టాఫీసుకి వెళ్ళి తెస్తున్నారు. కవరు చింపే శ్రమ కూడా నాకు లేకుండా చేస్తున్నారు. నావి పోస్టులో వేసేదీ ఆయనే. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధ నేనెరగను.

ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఎవరూ విననే వినని భాష ఒకటి ఉందనుకో. దాని మొండి క్రియలు నిజమైనవో, ఎవరో అల్లినవో నీలాంటి పండితుడైనా ఎలా తేల్చగలడు?

నిభా


చందన్‌నగర్
విజయదశమి వెళ్ళాక

శ్రీమతి నిభా దేవికి,

విజయ ఆశీస్సులు. చిన్నవాళ్ళకి రాయడం పెద్దవాళ్ళ మర్యాద కాబట్టి రాస్తున్నాను.

నిన్న గదాయి వచ్చి నవ్వుతూ, "మాస్టారూ, మీ క్రియలకి కృష్ణనగర్‌లో కూడా గిరాకీ లేచింది. ముందు చట్రాలు కట్టెయ్, అక్షరాలు తర్వాత పంపుతాం అన్నారు మీ బావగారు," అన్నాడు. నేను నవ్వలేదు. వాడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నేను ఎంత వెర్రివాణ్ణో ఇప్పుడు తెలిసింది. చెల్లెలు అడుగుతోంది కదా అని దీపం ఆర్పకుండా కూర్చుని రష్యా రాశాను, స్పెయిన్ రాశాను. వినేదానివి నువ్వని అనుకున్నాను. నీ వెనక మీ ఆయన పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడని తెలియలేదు. షీల్డు పోతే పోనీ. ఒక్క మనిషి దొరికిందని పొంగిపోయాను చూడు, నాకు అది బాధగా ఉంది.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు కూడా రాసిపెట్టాను. నిజమైన క్రియని నేను వాసన పట్టి చెప్పగలనని. ఆ కాగితం చించేశాను.

విదియనాడు భాయిఫోంటాకి, నీ చేత బొట్టు పెట్టించుకోవడానికి, నేను రాను. చందనం నూరే శ్రమ పెట్టుకోవద్దు.

అఖిలబంధు సర్ఖేల్


కృష్ణనగర్
కాళీపూజ ముందు

శ్రీచరణేషు దాదా,

'శ్రీమతి నిభా దేవి' ఎవరా అని కాసేపు ఇల్లంతా వెతికాను.

నిజమే, చెప్పేశాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన పూటే. ఆయన అన్నం ముందు కూర్చుని, "మీ అన్నయ్య ఈసారి ఏం పీకుతున్నాడో," అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. ఏం చేస్తున్నాడో చెప్పి నోరు మూయించాననుకున్నాను. ఆయన నోరు మూసుకుని, చెయ్యి కడుక్కుని నేరుగా సంఘానికి వెళ్ళారు. తప్పు నాదే.

ఇంతకన్నా ఈ ఉత్తరంలో రాయలేను. దీన్ని పోస్టులో వేసేది ఎవరో నీకు తెలుసు. ఆయన చదువుతూ ఇక్కడికి వచ్చేసరికి చాయ్ కావాలంటారు, ఇస్తాను.

ఒక్కటి మాత్రం నమ్ము. రష్యా గురించి అడిగింది నేను. స్పెయిన్ ఉత్తరం మూడుసార్లు చదివింది నేను. నీ చెల్లెలికి అబద్ధమాడటం రాదని నువ్వు అనుకుంటావు. ఆ విషయంలో నువ్వు నన్ను తక్కువగా చూస్తున్నావు.

నువ్వొచ్చినా రాకపోయినా విదియనాడు చందనం నూరతాను. బొట్టు పెట్టేదాకా మంచినీళ్ళు ముట్టను. తర్వాత నీ ఇష్టం.

నీ పుంటి


కృష్ణనగర్
విదియ సాయంత్రం

శ్రీచరణేషు దాదా,

నువ్వు రాలేదు.

మధ్యాహ్నం దాకా చూశాను. కడుపులో ఎలకలు పరిగెత్తాయి. అన్న దూరాన ఉంటే గోడకి బొట్టు పెట్టమని మనవాళ్ళు చెప్పారు కదా, పళ్ళెం పట్టుకుని లేచాను. చూస్తే మా ఇంట్లో గోడ లేదు. సంఘంవాళ్ళ చట్రాలన్నీ తెచ్చి మా గదుల్లోనే చేర్చారు, ఏ గోడకీ జాగా లేదు. అటూ ఇటూ తిరిగి, నీ ఎత్తున ఉన్న చట్రం ఒకటి చూసి, దాని పై కొయ్యకే చందనం, పెరుగు, కాటుక పెట్టాను. నీకు చావు రాకుండా యముడి గుమ్మంలో ముల్లు పడాలని మంత్రం చదివాను. గరిక, వడ్లు జల్లాను. ముందర సర్‌పురియా మిఠాయి పెట్టాను. అది తినదని తెలిసి ఆయన తినేశారు.

"చట్రానికి బొట్టేంటే, పిచ్చా?" అన్నారు.

"మాట వినదు, పలకదు, ఇల్లంతా ఆక్రమించుకుంది. మా అన్నయ్య కాక ఇంకెవరు?" అన్నాను.

ఈ ఉత్తరం అప్పలనరసమ్మగారి చేత పోస్టులో వేయిస్తున్నాను. అయినా ఏమీ చెప్పను. నవమినాడు వచ్చి నీ కళ్ళతో చూసి, అప్పుడు తిట్టు.

పుంటి


చందన్‌నగర్
దశమి మర్నాడు

ఓసి దొంగ పుంటీ,

ఈ ఉత్తరం ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి ఎందుకు కాలిందో చెప్తాను.

మా దీపాలు షష్ఠినాడు వెలిగాయి. గదాయి రోలరు తిరగేసి బిగించాడు. వెళ్ళినవాళ్ళందరూ ముందు వెళ్ళిపోయి, తర్వాత బయల్దేరారు. తిన్నవాడి నోట్లోంచి అన్నం కంచంలోకి వచ్చింది. జనం ఈలలు వేసి మళ్ళీ వెయ్యమన్నారు. ఎవడూ ఒక్క అక్షరం చదవలేదు. హరాధన్‌బాబు గరిటె తెచ్చి నా చేతిలో పెట్టాడు. అష్టమినాడు ఖిచుడి ఆవిరికి చెయ్యి కాలింది.

నవమినాడు, మీ ఆయన దొంగతనాన్ని కళ్ళారా చూసి మనసారా శపిద్దామని గంగ దాటి, నైహాటిలో రైలెక్కి, మీ ఊరొచ్చాను. ఎవరూ గుర్తుపట్టకూడదని మంకీ టోపీ గడ్డం దాకా లాక్కున్నాను. ఇంకా చలి మొదలు కాలేదు కాబట్టి అందరూ నన్నే చూశారు.

మీ పందిట్లో ఫ్రెంచి లేదు. రష్యా లేదు. స్పెయిన్ లేదు. 'పుంటాలియా దీవుల భాష' అని పెద్ద అక్షరాలు. కింద బల్బుల్లో క్రియలు. నేను ఎప్పుడూ విననివి. ఇంతకాలం ఏరి ఏరి, ఒక దీవిని మొత్తంగా వదిలేశానా అని సిగ్గుపడ్డాను. నిజమైనవో కావో వాసన పడతానన్నవాణ్ణి, జేబులోంచి పెన్సిలు తీసి ఎడమ చేత్తోనే బుద్ధిగా ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. తినడం: మాంకు. తిన్నాడు: భుస్. ఎంత చక్కని మొండి, అనుకున్నాను. రమ్మనడం: టింగా. వచ్చాడు: హబుల్. అరబ్బులకి అక్కడా చుట్టాలున్నారు, అనుకున్నాను. పక్కన కలకత్తా పత్రికాయన మీ ఆయన్ని అడుగుతున్నాడు.

"ఈ దీవులు ఎక్కడండీ?"

"సముద్రంలో," అన్నాడు బావ ధైర్యంగా.

అప్పుడు ఆఖరి చట్రం వెలిగింది. చెట్టెక్కిన ఒక పిల్లవాడు. పడటం: లటపట. పడ్డాడు: అమ్మగో.

పెన్సిలు ఆగిపోయింది. ఆ జామచెట్టు మీంచి పడి 'అమ్మగో' అని అరిచింది నేను. మోచెయ్యి చీరుకుపోయి ఏడుస్తూ కూడా, "ఇకనుంచి మన భాషలో పడ్డాడంటే 'అమ్మగో' అనాలి, రాదంటే జామకాయ లేదు," అన్నది నేను. ఆ భాష చేసింది నేనే, పుంటీ. ఎప్పుడో పారేశాను. పారేశానని కూడా గుర్తులేదు. లోకంలో ఉన్న భాషలన్నీ ఏరుకోవడానికి తిరిగాను, నేను పుట్టించిన దాన్ని నా చెల్లెలు ఒక్క మాట పోకుండా దాచుకుని కూర్చుంది. నన్ను ఎవరూ చివరిదాకా వినలేదని ఊరంతా చెప్పుకున్నాను. లంగా కట్టుకునే వయసులోనే ఒకతి విందని నాకు తెలియలేదు. మంకీ టోపీలో ఏడిస్తే ఎంత ఉక్కగా ఉంటుందో నీకు చెప్పలేను.

ఆ చట్రం పై కొయ్య మీద ఎండిన చందనం కనిపించింది. నా ఎత్తే. ఎవరూ చూడటం లేదనుకుని టోపీ పైకి తోసి, నుదురు ఆనించాను.

"ఏయ్ దాదూ, తల తియ్యండి, కరెంటుంది!" అని ఎవడో కేక వేసేలోపే షాక్ కొట్టింది. యముడి గుమ్మంలో నువ్వు వేసిన ముల్లు గట్టిదే. బతికే ఇంటికొచ్చాను.

మీ ఇంటి దాకా రాకుండా పారిపోయి వచ్చినందుకు తిట్టు. ముఖం చెల్లలేదు.

మీ దాదా


కృష్ణనగర్
పౌర్ణమి

శ్రీచరణేషు దాదా,

మంకీ టోపీ ముసలాయన ఒకడు చట్రాన్ని ముద్దుపెట్టుకుని కరెంటు కొట్టించుకున్నాడని ఊరంతా చెప్పుకుంటుంటే, ఏ పిచ్చివాడో అనుకున్నాను. అనుకోవడంలో తప్పేమీ లేదు.

మా ఆయన నీ ఉత్తరాల్లోంచి అక్షరాలు ఏరి రాసిపెట్టమని నన్నే అడిగారు. నీ సొత్తు ఇవ్వడానికి చెయ్యి రాలేదు. నాకు వచ్చిన భాష ఇంకొకటే ఉంది, అది రాసిచ్చాను. అరుదైన దీవి భాష, మా అన్నయ్య రహస్యంగా పంపాడని చెప్పాను. ఆయన మురిసిపోయి రెండు పూటలా చేపలు తెచ్చారు.

ఇప్పుడు విను. షీల్డు మాకే వచ్చింది. ఇంతటితో అయిపోలేదు. ఆ పత్రికాయన, ఈ భాష తెలిసిన పండితుడి చేత ఒక ఉపన్యాసం పెట్టించమని పట్టుబట్టాడు. దాంతో మీ బావకి నిద్ర లేదు. నిన్న నిజం చెప్పేశాను. చాలాసేపు చాపమీద పడుకుని చూరు చూశారు. తర్వాత లేచి, "మీ అన్నయ్య వస్తాడంటావా?" అని నీరసంగా అడిగారు.

"వస్తాడు, షరతులున్నాయి," అన్నాను. నీ తరఫున నేనే పెట్టాను. ముందు ఆ దీవి మా మేడమీద ఉందని నువ్వే అందరికీ చెప్తావు, పత్రికాయన షీల్డు పట్టుకుపోతే మీ బావ నోరెత్తకూడదు. ఆ తర్వాత లాటిన్‌తో మొదలుపెట్టి ఐర్లండు, జపాను, అన్నీ చెప్తావు. అయ్యేదాకా హాలు తలుపులు తెరవరు. ఆయన మొదటి వరసలో కూర్చుంటారు, ఆవులించరు. పోర్చుగీసు దగ్గర గురక వస్తే గిల్లడానికి పక్కన అప్పలనరసమ్మగారు కూర్చుంటారు. అన్నిటికీ ఒప్పుకున్నారు.

ఈ ఏడాది బొట్టు చట్రానికి పోయింది. అయినా చందనం ఇంకా ఉంది, నూరడం నా ఇష్టం.

టింగా.

పుంటి


కృష్ణనగర్ స్టేషన్, టీ కొట్టు

పుంటీ,

హబుల్.

రిక్షా దొరకలేదు. లాటిన్ పెట్టె బరువుగా ఉంది, బావని పంపు. ఆయనకోసం మా ఊరి జలభరా సందేశ్ మిఠాయి తెచ్చాను. కొరికితే లోపలి గులాబీ పన్నీరు చొక్కా మీదికి చిమ్ముతుందని ఆయనకి చెప్పకు. ఈసారైనా నోరు కుట్టేసుకో.